గుమ్మానికి అడ్డంగా తెడ్డు

అనకాపల్లిలో మా మేడ మీద సాయంత్రాలు స్పానిష్ చెబుతాను. కొత్తగా చేరినవాళ్ళకి తినడం, వెళ్ళడం లాంటి క్రియలతో మొదలుపెడతాను. ఒకాయనకి మాత్రం తెడ్డు వేయడంతో మొదలుపెట్టాను. కావాలనే.

మర్యాదకి ఆయన అంటున్నాను గానీ నా నోటికొచ్చేది వాడే. స్కూల్లో నా క్లాస్‌మేటు. ఇప్పుడు అచ్యుతాపురంలో ఉద్యోగం. కంపెనీవాళ్ళు స్పెయిన్ పంపాలంటే స్పానిష్‌లో ఇంటర్వ్యూ గట్టెక్కాలి. నన్ను గుర్తుపట్టనట్టే కూర్చున్నాడు.

చిన్నప్పుడు క్లాసంతా పిక్నిక్కని మా రాజయ్యపేట సముద్రపు ఒడ్డుకొచ్చారు. మా నాన్న ఇసకలో పెట్టిన తెడ్డు మీద నుంచి వీడు అటూ ఇటూ గెంతాడు. దాటకూడదురా అని నేను మొత్తుకున్నకొద్దీ ఇంకా గెంతాడు. తెడ్డు దాటితే చేపలవేటకెళ్ళే మావాళ్ళు ఆ పూట పడవ దించరు. నాన్న దోషం పోవాలని దాని మీద పసుపునీళ్ళు చల్లి, "ఈయేల ఏట లేదే అమ్మా" అని కూలబడ్డాడు. ఆ పూట మాకు గంజే. నా కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

అందుకే బోర్డు మీద రాశాను. స్పానిష్, పోర్చుగీసుల్లో రెమార్, ఇటాలియన్‌లో రెమారే, ఫ్రెంచిలో కాస్త నోరు తిప్పి రామే.

"ఇన్ని దేశాలోళ్ళకీ ఒకటే మాటేటి మేడమ్?" అన్నాడు.

"అందరూ లాటిన్ ఇంటి పిల్లలే. వేరుపడ్డారు గానీ తెడ్డుని ఎవరూ వదల్లేదు. లేచి, చేతులు ఆడిస్తూ చెప్పండి."

నేను తెడ్డు వేస్తున్నాను, నువ్వు వేస్తున్నావు, వాళ్ళు వేస్తున్నారు. చెమటలు పట్టేదాకా వేయించాను. హాయిగానే ఉంది గానీ అది నాకు చాల్లేదు.

ఇంటర్వ్యూ ముందురోజు వాడొక్కడికే పాఠం. నాన్న పాత తెడ్డు తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి కూర్చున్నాను. ఫోను చూసుకుంటూ వచ్చి ఒక్క అంగలో దాటేశాడు.

"ఈయేల పాఠం లేదు. ఎల్లండి," అన్నాను.

"అదేటి మేడమ్! రేపే ఇంటర్వ్యూ."

"తెడ్డు దాటేరు."

వాడు వెనక్కి తిరిగి తెడ్డుని చూశాడు. మొహం పాలిపోయింది. "పసుపునీళ్ళు సల్లితే సరిపోద్దా?" అన్నాడు మెల్లిగా.

పసుపునీళ్ళ సంగతి నేను వాడికెప్పుడూ చెప్పలేదు. అంటే నాన్న చల్లుతుంటే ఆ రోజు నిలబడి చూశాడు. ఇన్నాళ్ళూ అన్నీ గుర్తున్నాయి.

"సల్లండి," అని నీళ్ళలో పసుపు కలిపి చెంబు చేతికిచ్చాను. వంగి చల్లాడు.

"ఇప్పుడు?"

"అయినా ఈ పూట పడవ కదల్దు," అని తెడ్డు తీసి, వాణ్ణి బయటికి పంపి తలుపేసేశాను.