హనోరా ఎర్రజడ

ఐర్లండులో ఆకలికి తాళలేక ఒక గొర్రెను దొంగిలించిన పాపానికి హనోరా కినేన్‌కు ఏడేళ్ల శిక్ష వేసి ఓడెక్కించారు. ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న వాన్ డీమెన్స్ దీవిలో, హోబర్ట్ ఊరి చివర, కొండ నీడన ఉన్న ఆడఖైదీల జైల్లో దింపారు. ఖైదీలను అక్కడినుంచి దొరల ఇళ్లకు పనికి పంపుతారు. మొదటి ఇంట్లోనే దొరగారి తమ్ముడు ఆమెకు కడుపు చేశాడు. శిక్ష మాత్రం ఆమెకే వేసి తిరిగి జైలుకు పంపారు. ఏం న్యాయమండీ ఇది?

బిడ్డ జైల్లోనే పుట్టింది. పేరు బ్రైడీ. తల్లి ఎర్రజడను గుప్పిట్లో పట్టుకుంటే తప్ప ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు. పాలు మాన్పించిన రోజే పిల్లను పెగ్ డూలన్ అనే ఖైదీ ఆయా చేతిలో పెట్టి, తల్లిని వేరే ఇంటికి తోలేశారు.

ఆ పిల్లల గదిలో పసివాళ్లు పిట్టల్లా రాలిపోతారని హనోరాకు తెలుసు. ఎలాగైనా బిడ్డను చూడాలి. తప్పు చేసిన పనిమనిషిని తిరిగి జైలుకే పంపుతారు కదా! ఒకనాడు చుట్టాల ముందే సూపు గిన్నె ఎత్తి నేలకేసి కొట్టింది.

“ఒళ్లు కొవ్వెక్కిందటే నీకు?” అని దొరసాని అరిచింది.

“మీరు పెట్టే గంజికి కొవ్వు కూడానా అమ్మగారూ! పంపించెయ్యండి జైలుకి.”

పంపించారు. గేటు దాటుతూ నవ్వుకుంది, పిచ్చిది. లోపల కూర్చోబెట్టి జడను మొదలంటా కత్తిరించేశారు. పొగరు చూపినవాళ్లకు అదే శిక్ష. అది తెలియక కాదు, జుట్టుదేముంది, మళ్లీ మొలుస్తుందిలే అనుకుంది. శిక్ష పడ్డవాళ్లను బట్టలుతికే తొట్ల దగ్గరినుంచి కదలనివ్వరు. పిల్లలు కనబడేది ఆదివారం ప్రార్థనలోనే.

ఆదివారం పెగ్ చంకలో బ్రైడీ కనిపించగానే హనోరాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి, పాత అలవాటుకొద్దీ తల వంచింది.

“అమ్మనే, నా బంగారూ! చూడవే!”

పిల్ల చెయ్యి గరుకు వెంట్రుకలకు తగిలింది. కెవ్వుమని అరిచి పెగ్ మెడలో మొహం దాచుకుంది. “అమ్మా!” అంది, పెగ్‌నే.

“నేను నేర్పలేదే హనోరా, ఒట్టు,” అంది పెగ్. “కొంచెం జుట్టు పెరగనీవే. గుర్తుపడుతుంది.”

అప్పటినుంచి హనోరా రోజూ తల తడుముకునేది. జుట్టు చెవులు దాటకముందే చలికాలం వచ్చింది, పిల్లల గదిలో విరేచనాలు మొదలయ్యాయి. ఒక పొద్దున పెగ్ తొట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె మొహం చూడగానే హనోరా చేతిలోని దుప్పటి నీళ్లలోకి జారిపోయింది.

“ఏడవకే తల్లీ. ఏం బాధపడలేదు,” అంది పెగ్. “నా జడ పట్టుకునే నిద్రపోయింది.”

పాపం, పెగ్ ఆ మాట ఓదార్చడానికే చెప్పింది.