క్రియ దాకా రానివ్వని కత్తెరగారు

ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే అందుకుని పూర్తిచెయ్యడం, అదీ తప్పుగా పూర్తిచెయ్యడం, ఆ ప్రెస్సు యజమానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. పనివాళ్ళు ఆయనకు కత్తెరగారని పేరు పెట్టుకున్నారు. ఆయన ముందు కర్త, కర్మ దాటి క్రియ దాకా చేరిన మనిషి పదిహేనేళ్ళలో ఒక్కరూ లేరు. ఒక పెద్దాయన "మా అమ్మాయికి" అనేసరికి, ఉద్యోగాలు ఖాళీ లేవని పంపేశాడట. పాపం ఆయన వచ్చింది పెళ్ళి కార్డులు అచ్చు వేయించుకోవడానికి.

ప్రూఫులు దిద్దే ఆవిడకు ఈ మనిషంటే ఒళ్ళుమంట. పొద్దస్తమానం ఊరందరి తప్పులూ దిద్దే తను, ఈయన నోటికి మాత్రం అడ్డుగీత పెట్టలేకపోతోంది. పైగా ఇప్పుడు ఆయనకొక మాట చెప్పక తప్పదు. ఆమెకు నాలుగో నెల. తన బల్ల అచ్చు మిషను పక్కనే ఉంది, సిరా వాసనకు కడుపులో తిప్పేస్తోంది. చెబుదామంటే భయం. మొదటి కాన్పప్పుడు వెనకటి ప్రెస్సులో ఇలాగే చెబితే, ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా అని మర్నాడే నవ్వుతూ సాగనంపారు. ఆ విశ్రాంతి మూడేళ్ళు సాగింది.

సోమవారం ధైర్యం చేసింది.

"సార్, నాకు నాలుగో నెల..."

"నాలుగో నెలలో తప్పు దొర్లిందా? నాకు తెలుసు. వాడు క్యాలెండరు కళ్ళు మూసుకునే కూరుస్తాడు."

లోపలికి పరిగెత్తి ఆ అమాయకపు కంపోజిటర్‌ని అరగంట దులిపాడు.

బుధవారం, డాక్టరుగారు ఏమన్నారంటే అని మొదలుపెట్టింది. డాక్టరుగారు అచ్చుకిచ్చిన పుస్తకం వచ్చే వారం ఇస్తామని చెప్పమన్నాడు. దేవుడు ఆ మనిషికి చెవులు కళ్ళజోడు తగిలించుకోవడానికే ఇచ్చాడని ఆమె ఇంట్లో భర్త దగ్గర ఏకరువు పెట్టింది. రాసిచ్చెయ్యమన్నాడు భర్త.

శుక్రవారం రాసిచ్చింది. మహానుభావుడు కాగితాన్ని కూడా సగమే చదివాడు.

"గర్భవతిని కాబట్టి పని మానేస్తానంటావు. కుదరదు."

"మానేస్తాననలేదు సార్. మీరే తీసేస్తారేమోనని..."

అక్కడే ఆగిపోయింది. ఆయన పూర్తిచేస్తాడేమోనని చూసింది. నోరు తెరిచాడు, మూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నా పని అయిపోయింది అనుకుంది.

శనివారం వచ్చేసరికి బల్ల మీద ఆమె కాగితాలు లేవు. పుస్తకాలు కుట్టే ముసలి బైండరు యజమాని గదివైపు చెయ్యి చూపించాడు. వెళ్ళి చూస్తే కిటికీ పక్కన, ఆయన బల్ల మీదే ఆమె ప్రూఫులు పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

"కాన్పయ్యి తిరిగొచ్చాక కూడా నీ పని నీకుంటుందని చెప్పమన్నారమ్మా."

"ఆ ముక్క ఆయనే చెప్పొచ్చుగా?"

"ఎవరైనా బతిమాలుకుంటుంటే ఆయన వినలేరు. మా ఆవిడ ఆపరేషనుకి సెలవడగలేక నేను నసుగుతుంటే, సగంలోనే, నెల రోజులు కనబడకు పొమ్మన్నారు. నోరు తెరిచి అడగాల్సిన బాధ తప్పింది నాకు. ఒక్కోసారి గురి తప్పుతారు, అంతే."

ఆమె ఆ గది గుమ్మంలోంచి బయటికి తొంగిచూసింది. అప్పుడే వచ్చి, మిషను పక్కన ఆమె చిన్న స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, ముక్కుకు రుమాలు కట్టుకుని కూర్చున్నాడు కత్తెరగారు. ఇక్కడ గాలి బాగా ఆడుతుందని ఎవరో ఖాతాదారుకు నచ్చజెబుతున్నాడు.

ఆమె వచ్చి కిటికీ పక్కన కూర్చుని పెన్ను తీసింది. నవ్వాపుకోలేక ఆ పేజీ మూడుసార్లు దిద్దుకోవాల్సి వచ్చింది.