తమ్ముడు కోరుకున్న రాళ్లమిట్ట

మా తమ్ముడు కర్నూలు ఆసుపత్రిలో పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది మరదలు కాదు, బంధువులూ కాదు, నాపరాళ్ల వ్యాపారి. ఫోన్‌లో రెండు మాటలు విచారపడి, మూడో మాటగా, "పెద్దయ్యా, ఆ మిట్ట సంగతి ఇంక నువ్వే చూడాల" అన్నాడు. శవం అప్పటికింకా ఊరు చేరలేదు. మరుసటి రోజుకు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో తమ్ముడి ఫొటో కన్నా వ్యాపారి ఫొటో పెద్దది.

తమ్ముడు పక్క ఊరి హైస్కూల్లో జాగ్రఫీ పంతులుగా చేసి రిటైరైనవాడు. దినాల భోజనాల దగ్గర మా దాయాది ఒకడు నాకు వినబడేటట్టే అన్నాడు: "పాపం, అన్న నల్లరేగడి పెట్టుకొని ఆయప్పకు రాళ్లు అంటగట్టె." ఈ మాట ఊళ్లో నలభై ఏళ్లుగా నలుగుతోంది. ఇన్నాళ్లూ తమ్ముడే నవ్వి కొట్టిపారేసేవాడు. ఇప్పుడు కాదనడానికి వాడు లేడు కాబట్టి నేను రాస్తున్నాను.

మా వైపు అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పంచేవాడి చేతివాటానికి అదే కట్టడి. నేను బావితో సహా రేగడిని ఒక భాగం చేశాను. దానికి సరితూగాలని, రెట్టింపు ఉన్న రాళ్లమిట్టను రెండో భాగం చేశాను. రేగడి ఎట్లాగూ వాడికి పోతుందని మనసు గట్టిచేసుకుని కూర్చున్నాను. పెద్దమనుషులు వక్కాకు నోట్లో పెట్టుకునే లోపలే వాడు "నాకు మిట్ట" అన్నాడు. ఇప్పుడు పాపం అంటున్న దాయాది ఆ రోజు అక్కడే కూర్చుని పాయసం మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. పాయసం గుర్తుందట, ఆ మాట గుర్తులేదట.

నాకు అప్పుడే అనుమానం తగిలింది. తెలివిగలవాడు రాళ్లు ఎందుకు కోరుకుంటాడు? కింద మంచి నాపరాయి పొర ఉందని ఎవడో చెవిలో ఊది ఉంటాడనుకున్నాను. ఆ మిట్ట మీద గడ్డపార చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు రానే వచ్చింది. గనికి కాదు, ద్రాక్ష గుంతలకు.

కారణం అడిగితే ఫ్రాన్సు చెప్పాడు. అక్కడ బర్గండీ అనే సీమ ఉంది. పొడుగ్గా సాగిన సున్నపురాతి మిట్ట, పొద్దు పొడిచే దిక్కుకు వాలి ఉంటుంది. సున్నం పాలు ఎక్కువైన తెల్లమట్టిలో షార్డొనే అనే తెల్ల ద్రాక్ష, ఎర్ర బంకమట్టి కలిసిన చోట పినో న్వార్ అనే నల్ల ద్రాక్ష. మిట్ట అడుగున మట్టి మందం, నీళ్లు నిలుస్తాయి, చలి దిగి చిగుళ్లను మాడుస్తుంది. పేరంతా నడిమి వాలుదే. ఒక గోడ దాటితే అదే ద్రాక్షకు రుచి మారుతుందట. "కడుపు నిండితే ద్రాక్ష ఆకేస్తాదినా. రాళ్లల్లో అలమటిస్తేనే కాయలో సత్తువ దిగుతాది" అనేవాడు.

పంతుళ్ల మాటలు నేను ఊరికే నమ్మను. కర్నూలు లైబ్రరీలో దొరికినదంతా తిరగేశాను. నాకు నచ్చకపోయినా, వాడు చెప్పింది నిజమే. వాడు చెప్పనిది కూడా కనబడింది. అక్కడ ఏడాది పొడుగునా వాన. ఎక్కువైన నీటిని దించేస్తుంది కాబట్టే ఆ వాలుకు విలువ. మన సీమలో ఎక్కువైన నీరు ఎక్కడిది? పైగా చల్లని చోట నిదానంగా పండే కాయ, మన ఎండకు తొందరపడి తీపెక్కి పులుపు పోగొట్టుకుంటుంది. ఇదంతా వాడి మొహం మీదే అడిగాను.

"వాన సంగతి ఆ బర్గండీ పాఠంలో రెండో పేజీలో ఉండాదినా," అన్నాడు. "పంచుకున్న దినం నేను మొదటి పేజీ కాడనే ఉంటి."

నాసిక్ నుంచి తెప్పించిన ఫ్రెంచి రకాలు మొదటి ఎండాకాలానికే కట్టెలయ్యాయి. ఇంకొకడైతే మిట్ట అమ్ముకునేవాడు. వాడు కరువుకు ఓర్చే మొండి జాతి మొక్కలు నాటి, వాటి మీద మామూలు గింజలేని ద్రాక్ష అంటుకట్టాడు. ఏడాదికి రెండుసార్లు తీగ కత్తిరించేవాడు. ఎందుకంటే, "ఆడ చలి దాన్ని నిద్రపుచ్చుతాదినా. ఈడ దానికి నిద్రే పట్టదు. మనమే కత్తెర పట్టి పండుకోబెట్టాల" అన్నాడు. పంట రోజుల్లో పై వరస గుత్తి, కింది వరస గుత్తి తెచ్చి, నన్ను కళ్లు మూసుకొమ్మని, ఏది ఏదో చెప్పమనేవాడు. పైది చిన్న కాయ, తోలు మందం, రుచి చిక్కన. తేడా నాకు తెలిసేది. చెప్పేవాడిని కాదు. చెబితే బర్గండీ మళ్లీ మొదలవుతుంది. కానీ వాడి పుణ్యాన, శ్రీశైలం బస్సులో కూర్చున్నా కిటికీలోంచి మట్టి రంగు మారే చోటు చూడటం నాకు అలవాటైంది. ఆ మేరకు వాడికి రుణపడి ఉన్నాను.

వయసు మీరాక ఇంకో అనుమానం పుట్టింది, మొదటిదానికన్నా చెడ్డది. నా ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, వాడికి జీతముంది. ద్రాక్ష సాకు చెప్పి రేగడి నాకు వదిలేశాడేమో. మోసగాడినన్న మాట మోయగలను గాని, తమ్ముడి దానం తిన్నవాడినన్న మాట మోయలేను. అడిగితే నవ్వేవాడు.

దినాలైన కొన్నాళ్లకు వ్యాపారి మోటారు సైకిలు మీద దిగాడు. "మరదలితో ఒక మాట అను పెద్దయ్యా. మిట్ట నాపరాతి గని అయితే నీకే మేలు. తమ్మునికి రాళ్లు గాదు, బంగారమిచ్చినాడంటారు. నీ మచ్చ పోతాది." ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఎక్కువ అనుమానించాను. అయినా మిట్టెక్కాను.

మరదలు ఇద్దరు కూలీలతో కలిసి ఎండాకాలపు కత్తిరింపు చేస్తోంది. "ఇంత తొందరగానా?" అన్నాను.

"ద్రాక్షకు మైల తెలుస్తాదా బావా," అంది.

వ్యాపారి మాట ఎత్తబోయి, నా మాట అడిగేశాను. వాడు నా కోసమే రేగడి వదిలాడా?

ఆమె కత్తెర ఆపింది. "నీ కోసమా? ఆ పొద్దు ఇంటికొచ్చి, అన్నం గూడా తినకుండా, బండల మీద సుద్దముక్కతో మిట్ట గీసి, యాడ నల్లవి యాడ తెల్లవి అని నాకు పాఠం చెప్పినాడు. నువ్వుండేది గాదు, నేనుండేది గూడా ఆయనకు గ్యాపకం లేదు."

నా మీది బరువు దిగింది. వెంటనే, ఇట్లా చెప్పమని వాడే చెప్పి పోయాడేమో అనిపించింది. అంతటివాడే వాడు. ఆమె మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాను. అప్పటికే తీగ వైపు తిరిగింది.

కింది వరస దగ్గర వ్యాపారి బండికి స్టాండు వేసి నిలుచున్నాడు. "ఏమనె పెద్దయ్యా?"

"నేనడగలేదు. అడగను."

"అయితే నీకు చెడ్డపేరే."

"అది నాది. నీకెందుకు?"

బండి పోయింది. నేను అక్కడే నిలబడ్డాను. అప్పుడే కోసిన కొమ్మల కొసల నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఒక చుక్క కింది నాపరాయి మీద పడి అక్కడ నల్లబడింది. ఆ మచ్చ ఎండకు ఆరేలోపల ఇంకో చుక్క పడింది.