షీబా కట్టిన తోట

నా కూతురు షీబాను మామిడి తోటలో అడుగు పెట్టనివ్వలేదు నేను. పాతికేళ్ళుగా ఆగిరిపల్లి తోటల్లో కోతకు వెళ్తున్నదాన్ని. కాయ తొడిమలోంచి చిమ్మే సొన పడి మోచేతుల దాకా మచ్చలు తేలాయి. ఆదివారం చర్చిలో కూర్చున్నా చేతులు కొంగు కింద దాచుకునేదాన్ని. నా బిడ్డకు ఆ మచ్చలు వద్దనుకున్నాను. తోట వైపు చూస్తే కాళ్ళు విరగ్గొడతాననేదాన్ని. ఆ మాట చివరికి నా మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు!

అది డిగ్రీ చదివి, కంప్యూటర్లో త్రీడీ ఆటలు తయారు చేయడం నేర్చింది. చెట్లూ ఇళ్ళూ మనుషులూ అన్నీ అందులోనే కడుతుంది. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే వాటి మధ్యలో మనమే నిలబడ్డట్టుంటుంది. మీ అమ్మాయి ఇంకా ఆటలాడుకుంటోందా అని వీధిలోవాళ్ళు ఎకసెక్కాలాడుతుంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ నోళ్ళు మూతపడే రోజు కోసం కాచుకుని ఉన్నాను.

నూజివీడులో కోత పని నేర్పే కేంద్రం ఒకటుంది. కాయల్లేని నెలల్లోనూ కొత్తవాళ్ళు నేర్చుకునేలా త్రీడీ తోట కావాలన్నారు. షీబా నాలుగు నెలలు కూర్చుని చేసింది. కేంద్రం వాళ్ళది ఒకటే షరతు. మేస్త్రీ చిన్నరాయప్ప గారు సరేనంటేనే తీసుకుంటారు, లేదంటే ఆ పని హైదరాబాదు కంపెనీకి పోతుంది. నలభై ఏళ్ళు కోత ముఠాలు నడిపిన మనిషాయన. ఒకరిని మెచ్చుకోవడం ఆయన ఒంట్లోనే లేదు.

ఏప్రిల్ మొదట్లో హెడ్‌సెట్ పెట్టుకుని, నిమిషం తిరక్కుండానే తీసేశారు.

"బొమ్మలు బాగున్నాయమ్మా. కానీ ఇది ఎప్పుడూ కాయ కోయని మనిషి కట్టిన తోట," అన్నారు.

కాయలన్నీ పసుపుపచ్చగా మెరుస్తున్నాయట. చెట్టున పండేదాకా కోతకు ఎవరాగుతారు? పైగా కాయలు దించే పొడుగాటి దోటికర్ర తగలగానే కాయ తొడిమ లేకుండా ఊడి పడుతోందట. అలా కోస్తే సొన కాయంతా కారి నల్లమచ్చ పడుతుంది, మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి నా పిల్లకు తెలియలేదు. తెలియనివ్వంది నేనే కదా! షీబా తల దించుకుని పదిహేను రోజులు గడువడిగింది. సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే నేనే దాన్ని తోటకు తీసుకెళ్ళి దోటి చేతికిచ్చాను. తొడిమతో కాయ దించడం, తర్వాత తొడిమ తుంచి, సొన కారిపోయేలా కాయను బోర్లించడం చూపించాను. తొడిమ తుంచేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోమన్నాను. తిప్పుకుంది గానీ సొన చేతి మీద చిమ్మింది, బొబ్బలెక్కింది. ఇన్నేళ్ళూ ఏది తగలకూడదనుకున్నానో అదే తగిలింది. కొబ్బరినూనె రాస్తూ ఏడ్చేశాను. అదేమో సొన ఎంత దూరం చిమ్మింది, ఎంతసేపు కారింది అని నన్ను ప్రశ్నలతో చంపింది! ఆ గడువంతా పొద్దున తోటలో, మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ముందు గడిపింది.

మళ్ళీ మేస్త్రీ గారొచ్చారు. నేనూ వెళ్ళాను. ఈసారి ఐదు నిమిషాలయింది, పదయింది, ఆయన హెడ్‌సెట్ తీయలేదు. ఉత్త చేతులతో గాల్లో దోటి ఎత్తారు, కాయ దించారు. తొడిమ తుంచుతూ ముఖం పక్కకు తిప్పుకున్నారు.

చివరికి హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టారు. భుజం మీది తువ్వాలు లాగి రెండు చేతులూ గట్టిగా తుడుచుకున్నారు. తుడుచుకుంటూ చేతుల వైపు చూసుకుని ఆగిపోయారు. వాటి మీద సొన చుక్క కూడా లేదు.

కేంద్రం వాళ్ళ వైపు తిరిగి తల ఊపారు. తర్వాత షీబాను అడిగారు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా అమ్మండీ," అంది నన్ను చూపిస్తూ.

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆ రోజు నేను చేతులు కొంగు కింద దాచుకోలేదు.