రైలీ తొడుగు తీసింది

రైలీకి ఎవరినీ నమ్మే అలవాటు లేదు. కొన్న పాలను కొట్లోనే మూత తీసి వాసన చూస్తుంది. పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వస్తుంది. "పెళ్ళినాడు నా గుర్తింపు కార్డు రెండుసార్లు చూసింది" అని మొగుడు తౌనో ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు. ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో, ఇరవై ఆరు శీతకాలాలుగా విమానాల రెక్కల మీది మంచు వదిలించే పని నడిపిస్తున్నది ఆమే. రెక్కలకు మంచు పట్టకుండా మందు కొట్టేవాళ్ళు వేరు. సరిగ్గా కొట్టారో లేదో చూసి, పైలట్‌కు సరేనని చెప్పేది రైలీ. ఆ పనికి అంతకంటే తగిన బుద్ధి ఇంకెవరికుంటుంది?

పోయిన గురువారం మాత్రం ఏమీ లేకుండానే ఒక విమానాన్ని ఆపేసింది. అధికారి కౌకో పిలిచి, "ఇంకొక్కసారి ఉత్తపుణ్యానికి ఆపావో, సామాన్ల కౌంటర్లో కూర్చోబెడతా" అన్నాడు. ఆ మాటకు ఆమెకు రెండు రోజులు అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున సన్నగా మంచు పడుతోంది. హెల్సింకీ విమానం రెక్కల మీద ఓస్మో చిక్కటి పచ్చమందు కొట్టాడు. అలాంటి మంచులో ఆ మందు ఇరవై అయిదు నిమిషాలు కాపాడుతుంది. లెక్క మొదటి చుక్క పడినప్పటి నుంచి. ఆలోపు విమానం గాల్లో ఉండాలి. రైలీ కాగితంలో మొదలైన సమయం తొమ్మిదీ ముప్ఫై రెండు. ఇప్పుడు తొమ్మిదీ నలభై ఆరు. పైలట్ ఇంజన్లు వేయబోతున్నాడు.

ఎడమ రెక్క మీద మందు మెరుపు తగ్గిందని ఆమెకు అనిపించింది. కౌంటర్ గుర్తొచ్చింది. అయినా రేడియో నొక్కింది.

"ఆగండి. ఇంజన్లు వేయకండి."

"మళ్ళీనా తల్లీ! ఇంకా పది నిమిషాలుందిగా?" అన్నాడు పైలట్.

"ఉందో లేదో చూడనివ్వండి."

నిచ్చెనెక్కి చేతి తొడుగు తీసి, ఉత్త అరచేయి రెక్క మీద ఆనించింది. జారాల్సిన మందు గడ్డకట్టి గరగరలాడింది. లోపల తొంభై మంది. ఆమెకు ఒళ్ళు మండింది.

కిందకి దిగి, "ఎప్పుడు మొదలెట్టావో నిజం చెప్పు! నాకు తప్పుడు టైం చెబుతావా?" అని ఓస్మో మీద విరుచుకుపడింది.

"తొమ్మిదీ ఇరవైకి మొదలెట్టా. మధ్యలో గొట్టం మూసుకుపోయింది. ముప్ఫై రెండుకి అయిపోయింది. రేడియోలో రెండూ చెప్పా, నువ్వు ఊఁ అన్నావు. నన్నెందుకు తింటావ్? నీ కాగితం చూసుకో."

చూసుకుంది. 'మొదలు' అన్న గడిలో, తన ముత్యాల్లాంటి అక్షరాలతో, ముగిసిన సమయం ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ కాగితాన్ని ఆమె ఎవరినీ చూడనివ్వలేదు.

విమానానికి మళ్ళీ మందు కొట్టించి పంపాక, తనే వెళ్ళి కౌకోకు చెప్పింది.

"ముంచబోయిందీ నువ్వే, ఆపిందీ నువ్వే. నిన్నేం చెయ్యాలో నాకే తెలియట్లేదు, పో, పని చూసుకో" అన్నాడతను.

మర్నాడు మొదటి విమానం దగ్గర ఓస్మోకు కాగితం అందించింది.

"నేను రాసింది పైకి చదువు."

ఓస్మో కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఏంటి మెలిక?"

"మెలికేం లేదు. చదువు."

అతను గడియారం రెండుసార్లు చూసుకుని చదివాడు.