చప్పుడు లేని కెమెరా

మా కర్నూలు ఫొటోల గ్రూపులో ఉన్న మగవాళ్లందరికీ నా కుడిభుజం మీద నాకంటే ఎక్కువ బెంగ. "మేడమ్, అంత బరువు మీరు మోయలేరు, మిర్రర్‌లెస్‌కు మారిపోండి" అని రోజూ చెవిలో జోరీగ. పదేళ్లుగా ఆ బరువు మోస్తున్నది నేను. వీళ్లలో ఒక్కడైనా వచ్చి చేయి వేసింది లేదు. భుజం నొప్పి నిజమే. నిజం కాబట్టే ఒళ్లు ఇంకా మండేది.

నా పాత కెమెరా లోపల ఒక అద్దం ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ అది లేచి పడి 'టక్'మంటుంది. కొత్త రకంలో అద్దమూ లేదు, చప్పుడూ లేదు. పైగా జంతువు కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుందట. మారాలా వద్దా అని ఏడాదిగా కొట్టుకుంటున్నాను. వాళ్లు మారమన్నారు కాబట్టి మారకూడదని ఒక మొండితనం. ఆ 'టక్' మీద నాకూ పీకలదాకా కోపం.

ఆ కోపానికి కారణం ఉంది. నందికొట్కూరు దాటాక బీళ్లలో, ఒక వంకగట్టు బొరియలో తోడేలు పిల్లల్ని పెట్టింది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను, నాకు చూపించిన గొర్రెల కాపరి. తోడేలు ఆయనకేమీ చుట్టం కాదు. ఏటా రెండు మూడు గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుంది. అయినా, మిగతా కాపరులకు తెలిస్తే బొరియకు పొగ పెడతారని ఎవరికీ చెప్పలేదు. "పిల్లతల్లి జోలికి పోగూడదమ్మా" అంటాడు. నాకు పెట్టిన షరతు ఒకటే. "అది తలెత్తి నీ పక్క సూసిందంటే లేసి వచ్చేయల్ల. ఆపైన ఒగ నిమిషం గూడా ఉండొద్దు."

నాలుగుసార్లు పోయాను. మీట నొక్కగానే తోడేలు తలెత్తేది, నేను లేచి వచ్చేసేదాన్ని. అన్నిసార్లూ కలిపి పది ఫొటోలు లేవు. అన్నిట్లోనూ చెవులు నిక్కబొడుచుకున్న తోడేలే.

అప్పుడు గ్రూపులోని డాక్టరొకాయన తన కొత్త కెమెరా రెండు రోజులకు ఇచ్చాడు. "వాడి చూడండి, పాతదాన్ని మీరే పాతసామాన్లవాడికి వేస్తారు" అని నవ్వాడు. ఆ నవ్వు నచ్చకపోయినా కెమెరా తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద పోయాను. కాపరి ఇంకా రాలేదు. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో గొర్రెల మంద కట్టించుకుంటారు కదా, ముందు రాత్రి ఆయన మంద దూరంగా ఎవరి చేలోనో పడుకుంది. వంకకు ఇవతల రేగుపొద వెనక పడుకున్నాను. కాసేపటికి నాలుగు పిల్లలు బయటికి వచ్చాయి. నొక్కాను. ఒక్కటీ తలెత్తలేదు. మళ్లీ నొక్కాను. ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటున్నాయి, దొర్లుతున్నాయి. నాకు కళ్లు నెత్తికెక్కాయి. చూస్తే కదా లేవాలి, చూడనే లేదే అనుకున్నాను. షరతు తప్పుతున్నానని ఒక్కసారి కూడా తోచలేదు.

ఎండ ముదిరింది. పిల్లలు కుయ్‌కుయ్‌మంటూ బొరియలోకీ బయటికీ తిరగసాగాయి. అది ఆకలి ఏడుపు. ఇరవై ఏళ్లుగా కాలేజీలో జువాలజీ చెబుతున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఏడుస్తున్న మూతి ఫ్రేములో ముద్దుగా ఉందని నొక్కుతూ పోయాను.

వెనక నుంచి కాపరి కేక వినబడింది.

"ఎంతసేపాయమ్మా పండుకోని?"

"ఎంతసేపైతే ఏంటన్నా, దీనికి చప్పుడు లేదు. అవి నన్ను చూడనే లేదు."

"పిల్లోల్లు సూల్లేదు. తల్లి సూస్తాండాది. నువ్వు ఎదురుగా పండుకోనుంటే అది ఎట్ల వస్తాది?"

"తల్లి ఇక్కడ లేదు. తోడేళ్ల గురించి నాకు నువ్వు చెప్తావా?" అని అరిచాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన నా ముఖం కేసి ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిచాను. ఎంత అందమైన ఫొటోలో! పిల్లల కళ్లలో వెలుగు కూడా దొరికింది. ఆ పిల్లల వెనక, తంగేడు చెట్ల పక్కన, మసకగా బూడిదరంగు మచ్చ ఒకటి కనబడింది. పెద్దది చేసి చూశాను. చెవులు, ముఖం. పాలతో నిండి వేలాడుతున్న చన్నులు. మొదటి ఫొటోలో ఉంది. చివరి ఫొటోలోనూ ఉంది. మధ్యలో గంటన్నర. ఆ గంటన్నరా అది కదలకుండా నిలబడి నా వైపే చూస్తోంది. కెమెరా పిల్లల కన్నులను పట్టుకుంది, నేను కెమెరాను నమ్మాను.

కెమెరాను తిట్టుకుందామనుకున్నాను. దాని తప్పేముంది? బుద్ధి లేనిది నాకు.

మర్నాడు కెమెరా తిరిగి ఇస్తుంటే డాక్టరు ఫొటోలు చూసి "ప్రైజు ఖాయం మేడమ్! ఇంకేం ఆలోచన, కొనేయండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక నిలబడ్డ తల్లి ఆయనకూ కనబడలేదు. "కొనను" అని బయటికి వచ్చేశాను.

సాయంత్రం కాలేజీ అయ్యాక బీళ్లకు పోయాను. వట్టి చేతులతోనే పోయాను. బొరియ ముందు మట్టి మీద పాత అడుగులే తప్ప ఏమీ లేవు. కాపరి అటే గొర్రెలను తోలుకుని వస్తున్నాడు. క్షమించమని అడిగాను. తల ఊపాడు.

"పిల్లల్ని ఎక్కడికి మార్చిందో తెలుసా అన్నా?"

"తెలుసు."

గొర్రెలను అదిలించుకుంటూ వంక దిగాడు. నేను వెంట నడవబోయాను. ఆయన ఆగి, కర్ర నా ముందు అడ్డంగా పట్టాడు.

"నువ్వు ఈడనే ఉండమ్మా" అన్నాడు.