సుజ్జి డబ్బాకి కట్టిన ఎర్ర ట్యాగ్

నిన్న పొద్దున్న పదింటికి ఆఫీసులో ఉండగా తమ్ముడి ఫోన్ వచ్చింది.

"దీదీ, సుజ్జి లేదు."

ఏం వాగుతున్నావురా అని కట్ చేశాను. వాడు మళ్ళీ చేశాడు. ఈసారి ఏడుపే వినిపించింది.

రాయ్‌పూర్ దారిలో కుమ్హారి దగ్గర రాంగ్ సైడ్‌లో వచ్చిన ట్రక్కు దాని బండిని గుద్దేసింది.

టైపింగ్‌లో తప్పులుంటే క్షమించండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సుజ్జి అంటే సుజాత, మా బాబాయి కూతురు. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ 4లో వాళ్ళ క్వార్టర్, మా క్వార్టర్ పక్కపక్కనే. దానికి ఇరవై నాలుగేళ్ళు. రాయ్‌పూర్‌లో ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్. రోజూ బండి మీదే అప్ అండ్ డౌన్.

నిన్న సాయంత్రం ఇంటినిండా జనం. చర్చివాళ్ళు, ప్లాంట్‌వాళ్ళు. ప్రార్థన అయ్యాక ఒక పెద్దమనిషి అన్నాడు.

"ఫోన్‌లో గేమ్ ఆడుకుంటా నడిపుంటాదిలే. ఆ పిల్లకి ఎప్పుడైనా సూపు ఒక్కచోట ఉందేటి?"

పక్కనున్నవాళ్ళు తలలూపారు. బాబాయి తల దించుకున్నాడు.

నాకు నిజం తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

అవును, సుజ్జికి గేమ్స్ పిచ్చి. ఆ పిచ్చి ఎలా పట్టిందో కూడా వినండి.

బాబాయి అప్పట్లో ప్లాంట్ రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పగలంతా ఆయన పడుకోవాలి, ఇంట్లో చప్పుడు కాకూడదు. షిఫ్ట్ డ్యూటీ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

కానీ సుజ్జి కాలు ఒకచోట నిలిచేది కాదు. గిన్నెలు పడేసేది, తలుపులు ధడేల్మనిపించేది, తిట్లు తినేది. రాయ్‌పూర్ రాజధానిగా మన కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, టీవీకి తగిలించే వీడియో గేమ్ ఒకటి పిన్ని కొనిచ్చింది. సౌండ్ మాత్రం మ్యూట్.

అంతే. ఇల్లు నిశ్శబ్దం అయిపోయింది. పొద్దున్న కూర్చుంటే బాబాయి లేచేదాకా కదిలేది కాదు. హమ్మయ్య అనుకున్నాం అందరం.

మనమే చేతిలో పెట్టాం. పదేళ్ళ తరవాత అదే గేమ్ పేరు చెప్పి మనమే తిట్టాం. నేనూ తిట్టాను.

రెండేళ్ళ కిందట రాయ్‌పూర్‌లో ఒక డాక్టర్ సుజ్జికి ఏడీహెచ్‌డీ ఉందని చెప్పాడు. ధ్యాస ఒకచోట నిలవదు, నిలిస్తే ఇక వదలదు. అది బద్ధకం కాదు, పొగరు కాదు. రిపోర్ట్ పట్టుకుని ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది.

"దీదీ, నాను మొద్దుని కాదంట! దీనికో పేరుందంట!"

దాన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

నేనేమన్నానో తెలుసా? "ఇంట్లో చెప్పకు. పిచ్చనుకుంటారు."

చెప్పలేదు. నా మాట అది విన్నది ఆ ఒక్కసారే.

ఫోన్ చేతిలో ఉంటే ఆపుకోలేనని దానికి తెలుసు. ఒకరోజు చరోదా దగ్గర రైల్వే గేటు పడితే బండి ఆపి గేమ్ మొదలుపెట్టిందట. గేటు తెరుచుకుంది, వెనక బళ్ళన్నీ హారన్ కొడుతున్నాయి, దీనికి ఒక్కటీ వినపడలేదు. ఎవరో వచ్చి భుజం పట్టుకుని ఊపాకగానీ తల ఎత్తలేదు.

"నాకే భయమేసింది దీదీ" అంది.

ఆ సాయంత్రమే బాబాయి పాత టూల్స్ పెట్టె వెతికింది.

ప్లాంట్‌లో మెషిన్ రిపేర్‌కి దిగేముందు కరెంట్ ఆపి, స్విచ్చికి ఎలక్ట్రీషియన్ తన పేరున్న ఎర్ర ట్యాగ్ కడతాడు. దాని మీద "చాలూ మత్ కరో" అని, అంటే ఆన్ చెయ్యొద్దని, ఉంటుంది. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా దాన్ని ముట్టుకోకూడదు. దీన్నే షట్‌డౌన్ తీసుకోవడం అంటారు.

రిటైరయ్యాక బాబాయి గుర్తుగా దాచుకున్న ఆ ట్యాగ్‌ని సుజ్జి కొట్టేసింది.

మర్నాటి నుంచి బండి తీసేముందు ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి, స్టీల్ టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బా క్లిప్పుకి ట్యాగ్ కట్టి సీటు కింద పెట్టేది. మా గుమ్మంలోకి చూసి సెల్యూట్ కొట్టేది.

"షట్‌డౌన్ తీసుకున్నా దీదీ. రాయ్‌పూర్ దాకా బంద్!"

నిన్న పొద్దున్న కూడా సెల్యూట్ కొట్టింది. నేను టిఫిన్ తింటూ సరిగా చూడను కూడా లేదు.

ఇవాళ సమాధి చేసి ఇంటికి వచ్చాం. బండిలోంచి పోలీసులు తీసిచ్చిన సామాన్లు బల్ల మీద ఉన్నాయి. చున్నీ, పర్సు, సొట్టపోయిన టిఫిన్ డబ్బా. ట్యాగ్ కట్టింది కట్టినట్టే ఉంది. అందరూ అన్నం డబ్బా అనుకున్నారు.

అప్పుడు చెప్పాను. అందరి ముందూ. డాక్టర్ సంగతి, రైల్వే గేటు సంగతి, ట్యాగ్ సంగతి, నేను చెప్పకు అన్న సంగతి కూడా.

నిన్నటి పెద్దమనిషి, "అయితే తెరిసి సూద్దారి, తేలిపోద్ది" అంటూ డబ్బా మీద చెయ్యి వేశాడు.

బాబాయి ఆ చెయ్యి తీసేశాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ట్యాగ్ మీద సగం చెరిగిన తన పేరుని వేలితో రుద్దాడు.

"ట్యాగ్ ఉందంటే లైన్ బంద్. ఇంకేటి సూడాల?"

పిన్ని డబ్బా తీసి లోపల పెడతానంది. ఆయన ఇవ్వలేదు.

"కట్టినోళ్ళే విప్పాల" అన్నాడు.

నిన్నటి నుంచి కంట తడి పెట్టని మనిషి అప్పుడు ఏడ్చాడు.

సుజ్జీ, నువ్వు దారి చూసే నడిపావు. ఆ మాట ఒక రోజు ఆలస్యంగా చెప్పాను, నన్ను క్షమించు.

ఇక నిన్ను కుదురుగా కూర్చోమని ఎవరూ అనరు. ప్రభువు దగ్గర నీకు నచ్చినట్టు తిరుగు, అలిసిపోతే హాయిగా పడుకో తల్లీ.